పాత కంపైలరూ కొత్త కంపైలరూ ఒప్పుకొనే సి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ శీర్షికకు గత రెండు నెలల్లో వచ్చిన ఉత్తరాలలో ఒడిశాలోని గజపతి, రాయగడ, కొరాపుట్, గంజాం జిల్లాల తెలుగువారు రాసినవే ఎక్కువ. ఒక్కొక్కరి పని ఒక్కో రకమైనా అడిగిన విషయం ఒకటే: ఒక కంప్యూటర్‌లో చక్కగా కంపైల్ అయిన సి ప్రోగ్రాం ఇంకో కాలపు కంపైలర్ (మనం రాసిన కోడ్‌ను యంత్రం నడిపే రూపంలోకి మార్చే ప్రోగ్రాం) చేతికి వెళ్లేసరికి ఎందుకు మొరాయిస్తోంది? మన సరిహద్దు ఊళ్లలో కొత్త యంత్రం వచ్చినంత మాత్రాన పాతది గది దాటి పోదు. రెండూ పక్కపక్కనే ఏళ్ల తరబడి పని చేస్తాయి. పర్లాకిమిడిలో ఉంటూ ఇటువంటి ప్రోగ్రాములను చూసుకునే నాకు ఇది స్వానుభవం. అందువల్ల ఈ సంచికలో మిగిలిన ప్రశ్నలను ఆపి వీటికే చోటిస్తున్నాను.

ప్రశ్న: రాయగడకు దగ్గరలోని రైస్ మిల్లులో మా నాన్నగారు కాటా చూస్తారు. లారీ తూకం చీటీ ముద్రించే ప్రోగ్రాంను చాలా ఏళ్ల కిందట ఎవరో టర్బో సి అనే పాత డాస్ కంపైలర్‌లో రాసి ఇచ్చారు. సోర్స్ కోడ్ మా దగ్గరే ఉంది. డాస్ నడిచే ఆ కంప్యూటర్ ఇంకా పని చేస్తోంది. పక్కన లినక్స్‌తో కొత్తది కొన్నారు. రెండింటికీ ఒకే సోర్స్ కోడ్ ఉంచడం సాధ్యమేనా? పెద్ద లారీలు వచ్చినప్పుడు పాత కంప్యూటర్‌లో తూకం మైనస్ గుర్తుతో వస్తోంది. ఇది టర్బో సి లోపమా?
– బి.సి.ఎ. విద్యార్థి, రాయగడ

జవాబు: లోపం టర్బో సిది కాదు, తూకాన్ని ‘ఇంట్’ రకం వేరియబుల్‌లో దాచడంలో ఉంది. టర్బో సిలో ఇంట్ అంటే 16 బిట్లు. అందులో పట్టే పెద్ద సంఖ్య 32,767. ధాన్యం నింపిన లారీ 35,000 కిలోలు తూగితే ఆ సంఖ్య పట్టక 65,536 తగ్గిపోయి −30,536గా కనిపిస్తుంది. మీ నాన్నగారు చూస్తున్న మైనస్ తూకాలకు 65,536 కలిపి చూడండి, అసలు బరువు బయటపడుతుంది. కొత్త లినక్స్ కంప్యూటర్‌లో ఇంట్ 32 బిట్లు కనుక అదే సోర్స్ కోడ్ అక్కడ తప్పు చూపదు. తప్పు మాత్రం కోడ్‌లో అలాగే ఉంటుంది.

1989లో అమెరికా ప్రమాణంగా, 1990లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన సిని సి89 అనీ సి90 అనీ అంటారు. ఆ ప్రమాణం ఇచ్చే హామీ ఇది: ఇంట్‌కు కనీసం 16 బిట్లు, ‘లాంగ్’కు కనీసం 32 బిట్లు ఉంటాయి. కనీసం అన్న మాటనే పట్టుకోవాలి. తూకాలన్నీ లాంగ్‌లో పెట్టండి. ముద్రించేటప్పుడు పర్సెంట్ డికి బదులు పర్సెంట్ ఎల్‌డి వాడండి. 32 బిట్లని పేరులోనే చెప్పే రకాలు ఉన్న హెడర్ ఫైల్ (ప్రకటనలు ఉండి, మన కోడ్‌కు చేర్చుకునే ఫైలు) 1999 ప్రమాణమైన సి99తో వచ్చింది. టర్బో సిలో అది లేదు, మైక్రోసాఫ్ట్ విజువల్ స్టూడియోలో సైతం 2010 దాకా లేదు, కనుక మీకు అది ఆధారం కాదు.

లాంగ్‌కు మార్చిన తరువాత కూడా ఒక చోట దెబ్బ తగులుతుంది, దాన్ని చాలామంది గమనించరు. 500 బస్తాలను బస్తాకు 75 కిలోల చొప్పున గుణిస్తే 37,500 రావాలి. రెండు సంఖ్యలూ ఇంట్‌లైతే కంపైలర్ గుణకారాన్ని ఇంట్‌లోనే చేస్తుంది. జవాబును లాంగ్‌లో పెట్టమని మీరు రాసినా, అప్పటికే పొంగిపోయిన సంఖ్యే వచ్చి అందులో కూర్చుంటుంది. గుణించే ముందే రెండింటిలో ఒకదాన్ని లాంగ్‌గా మార్చాలి.

ఇక ఫైలు సంగతి. పాత ప్రోగ్రాం చీటీల వివరాలను ఒక స్ట్రక్చర్‌గా (వేర్వేరు రకాల విలువల మూటగా) కట్టి ఎఫ్‌రైట్ ఫంక్షన్‌తో ఉన్నదున్నట్టు డిస్క్ మీద వేస్తూ ఉండవచ్చు. ఒక క్యారెక్టర్, ఒక లాంగ్ ఉన్న చిన్న స్ట్రక్చర్‌ను తీసుకోండి. టర్బో సి మామూలు అమరికలో దాని పరిమాణం 5 బైట్లు. 32 బిట్ల లినక్స్‌లో జీసీసీ అనే కంపైలర్ మధ్యలో ఖాళీ వదలడం వల్ల 8 బైట్లు. 64 బిట్ల లినక్స్‌లో లాంగ్ పెద్దదై 16 బైట్లు. 64 బిట్ల విండోస్‌లో లాంగ్ మళ్లీ 32 బిట్లే, కనుక అక్కడ 8. ఒకే సోర్స్ కోడ్ మూడు రకాల ఫైళ్లను సృష్టిస్తుందంటే, పాత కంప్యూటర్‌లో రాసిన చీటీ కొత్తదానిలో తెరుచుకోదు. ఒక్కో చీటీని ఒక్కో పంక్తిగా, మామూలు అంకెలలో టెక్స్ట్ ఫైల్‌గా రాయమని నా సలహా. కొంత చోటు ఎక్కువ పట్టినా, ప్రోగ్రాం చెడిపోయిన రోజున ఆ ఫైలును మనిషి కళ్లతో చదివి లెక్క తేల్చుకోగలడు. మిల్లు లెక్కలకు అంతకన్నా మంచి గుణం నాకు తోచడం లేదు.

తెరను తుడవడం, తెర మీద ఫలానా గడికి వెళ్లడం, కాటా యంత్రం నుంచి సీరియల్ పోర్టు ద్వారా బరువు చదవడం – ఈ మూడూ సి భాషవి కావు, ఆ కంపైలర్‌వో ఆ ఆపరేటింగ్ సిస్టంవో. వీటిని విడిగా ఒక ఫైలులో పెట్టి, డాస్‌కు ఒక ప్రతి, లినక్స్‌కు ఒక ప్రతి రాయండి. లెక్కలు, చీటీ రూపం, ఫైలు రాయడం ఉన్న మిగతా భాగమంతా రెండు చోట్లా ఒకటే ఉంటుంది. డాస్ కోసం ఫైళ్ల పేర్లను ఎనిమిది అక్షరాలకు మించనివ్వకండి. ఒకే పెద్ద అరేలో ఏడాది చీటీలన్నీ పెట్టే ఆలోచన ఉంటే మానండి. సి89 ఒక వస్తువుకు హామీ ఇచ్చే పరిమాణం 32,767 బైట్లే.

ప్రశ్న: నేను ప్లస్ టూ, ప్లస్ త్రీ పిల్లలకు సి చెబుతాను. ల్యాబ్‌లో కొత్త కంప్యూటర్ల మీద డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్ పెట్టి టర్బో సి నడుపుతున్నాము. ఇక్కడ నేర్చుకున్న పిల్లలు విశాఖపట్నం, భువనేశ్వర్ వెళ్లాక తమ ప్రోగ్రాం ఒక్కటీ కంపైల్ కావడం లేదని ఫోన్ చేసి బాధపడుతున్నారు. పాత సి చెప్పడమే నా తప్పా?
– కంప్యూటర్ అధ్యాపకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, పాత సి చెప్పడం తప్పు కాదు. 1989 ప్రమాణానికి లోబడి రాసిన మంచి ప్రోగ్రాం నేటి కంపైలర్ దగ్గర కూడా దాదాపు ఏ మార్పూ లేకుండా నడుస్తుంది. పిల్లలను ఇబ్బంది పెడుతున్నది వేరొకటి. టర్బో సి అనే ఒక కంపెనీ సరుకులో ఉన్న సొంత సౌకర్యాలను వారు సి భాషగా నేర్చుకుంటున్నారు. తెరను తుడిచే క్లియర్ స్క్రీన్ ఫంక్షన్, మీట నొక్కేదాకా ఆగే గెట్‌సిహెచ్, వాటి కోసం చేర్చే కోనియో హెడర్ – ఇవేవీ ఏ సి ప్రమాణంలోనూ ఎన్నడూ లేవు. మెయిన్ ఫంక్షన్ ముందు ‘వాయిడ్’ రాయడం కూడా అంతే. మెయిన్ ఇంట్‌ను తిరిగి ఇవ్వాలని 1989 ప్రమాణమే చెప్పింది.

ఇంకొక చిక్కు టర్బో సి ప్లస్ ప్లస్ తెరవగానే మొదలవుతుంది. అది కొత్త ఫైలుకు ‘నోనేమ్00.సిపిపి’ అని పేరు పెడుతుంది. పిల్లలు అందులోనే సి రాస్తారు, కంపైలర్ దాన్ని సి ప్లస్ ప్లస్‌గా చదువుతుంది. రెండు భాషల నియమాలు ఒకటి కావు కనుక, ఇక్కడ వచ్చే ఎర్రర్ అక్కడ రాదు, అక్కడ వచ్చేది ఇక్కడ రాదు. మొదటి తరగతిలోనే ఫైలును ‘.సి’ అనే కొసతో భద్రపరచడం అలవాటు చేయించండి. సి ప్లస్ ప్లస్ చెప్పేవారైతే, చివర ‘.హెచ్’ ఉన్న ఐఓస్ట్రీం హెడర్ 1998 ప్రమాణానికి ముందరిదని, నేటి కంపైలర్లలో అది లేదని ఆ పూటే చెప్పాలి.

ల్యాబ్‌ను మార్చే అధికారం మీకు లేకపోయినా ఈ కొన్ని అలవాట్లు నేర్పగలరు: వేరియబుళ్లన్నిటినీ బ్లాక్ మొదట్లోనే ప్రకటించడం, వాడే ప్రతి ఫంక్షన్‌కు తగిన హెడర్ చేర్చడం, మెయిన్‌కు ఇంట్ రాసి చివర సున్నాను తిరిగి ఇవ్వడం, పారామీటర్లు లేని ఫంక్షన్ కుండలీకరణాల్లో వాయిడ్ అని రాయడం. 1989 కంపైలరూ ఇందుకు ఒప్పుకుంటుంది, నేటిదీ ఒప్పుకుంటుంది. పిల్లలు ఊరు మారినా కోడ్ మారనక్కరలేదు.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో నడిచిన ప్రోగ్రాం మా సంస్థ సర్వర్‌లో కంపైల్ కావడం లేదు. ఫర్ లూప్‌లో ప్రకటన సి99 పద్ధతిలోనే చెల్లుతుందని సందేశం వస్తోంది. సర్వర్‌లో ఉన్నది జీసీసీ 4.8. అది 2013 నాటిది కదా, 1999లో వచ్చిన సౌకర్యం దానికి తెలియదా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, గుణుపూర్

జవాబు: తెలుసు, కానీ మీరు అడగనిదే వాడదు. ఏ ప్రమాణమో చెప్పకపోతే ప్రతి జీసీసీ తన సొంత ఎంపికను తీసుకుంటుంది. 2015లో వచ్చిన జీసీసీ 5కు ముందు ఆ ఎంపిక సి90కి జీసీసీ సొంత (గ్నూ) చేర్పులు కలిపిన భాష. జీసీసీ 5 నుంచి అది సి11 అయింది, జీసీసీ 8 నుంచి సి17, 2025లో వచ్చిన జీసీసీ 15 నుంచి సి23. మీ ల్యాప్‌టాప్‌లో మీకు తెలియకుండానే సి17లో రాశారు, సర్వర్ దాన్ని సి90గా చదివింది. జీసీసీ 4.8.5 సెంటాస్ 7 అనే లినక్స్‌తో వచ్చింది. ఆ సిస్టంకు 2024 జూన్ 30తో మద్దతు ఆగినా దాని మీద నడిచే సర్వర్లు ఇంకా ఉన్నాయి, కనుక ఈ చిక్కు మీ ఒక్కరిది కాదు.

కంపైల్ చేసే ఆజ్ఞలో ‘-ఎస్‌టిడి=గ్నూ99’ అని ప్రమాణాన్ని మీరే చెప్పండి. ఆ మాటను మేక్‌ఫైల్‌లోనే (కంపైల్ ఆజ్ఞలు రాసి ఉంచే ఫైలులోనే) రాసి ఉంచండి, ప్రతిసారీ జ్ఞాపకం మీద ఆధారపడకండి. అక్కడ ‘గ్నూ99’ అని ఎందుకు అన్నానో, ‘సి99’ అని ఎందుకు అనలేదో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులోనే ఒక గట్టి దెబ్బ ఉంది.

కచ్చితమైన సి99 అడిగితే లినక్స్ హెడర్లు సి99లో లేని ఫంక్షన్ల ప్రకటనలను దాచేస్తాయి. స్ట్రింగ్‌కు నకలు తీసే స్ట్ర్‌డప్ అలాంటిదే; అది సి ప్రమాణంలోకి వచ్చింది సి23లోనే. ప్రకటన కనపడకపోతే జీసీసీ 4.8 ఆగిపోదు. ఒక వార్నింగ్ ఇచ్చి, ఆ ఫంక్షన్ ఇంట్‌ను ఇస్తుందని తనే ఊహించుకుంటుంది. నిజానికి అది ఇచ్చేది 64 బిట్ల పాయింటర్, అంటే మెమరీలో ఒక చిరునామా. అందులో సగం తెగిపోయి 32 బిట్లే మిగులుతాయి. చిరునామా చిన్నదైన యంత్రంలో ప్రోగ్రాం నడిచిపోతుంది, పెద్దదైన యంత్రంలో కుప్పకూలుతుంది. ఒకే ప్రోగ్రాం ఒకరి దగ్గర నడిచి ఇంకొకరి దగ్గర కూలిపోతే, నేను మొదట వెతికేది ఈ వార్నింగ్‌నే. ప్రకటన లేని ఫంక్షన్ వార్నింగ్‌ను ఎర్రర్‌గా మార్చే మీట (కంపైల్ ఆజ్ఞలో చేర్చే మాట) జీసీసీలో ఉంది. దాన్ని వేయకుండా ఏ పనీ మొదలుపెట్టవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

ప్రమాణం పేరు చెప్పినంత మాత్రాన ఆ ప్రమాణంలోని సౌకర్యాలన్నీ వస్తాయని అనుకోవద్దు. జీసీసీ 4.8 సి11 అనే మాటను అంగీకరిస్తుంది, కానీ సి11లోని అటామిక్ హెడర్ అందులో లేదు, అది 4.9తో వచ్చింది. సి ప్లస్ ప్లస్‌లో ఇంతకన్నా ప్రమాదకరమైన ఉదాహరణ ఉంది. 4.8లో రెజెక్స్ (పాఠంలో నమూనాలను వెతికే సౌకర్యం) హెడర్ ఉంది, ప్రోగ్రాం ఎర్రర్ లేకుండా కంపైల్ అవుతుంది, నడిపినప్పుడే విఫలమవుతుంది. అందుకే మీ ప్రాజెక్ట్ పరిచయ ఫైలులో ‘సి99 చాలు’ అని కాక ‘జీసీసీ 4.8, ఆపైన’ అని రాయండి. పాటించవలసింది ఏ కంపైలర్‌నో దాని పేరే చెప్పాలి.

ప్రశ్న: జయపురంలో మాకు విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. రైతుల పేర్లు, ఊళ్ల పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ నమోదు చేయడానికి సిలో చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. కొత్త కంప్యూటర్‌లో బాగానే ఉంది. పాత విండోస్ కంపైలర్ ఫైలు మొదటి పంక్తిలోనే ఎర్రర్ చూపుతోంది. కొన్ని పేర్లు చివర్లో చెడిపోయి ప్రశ్నార్థకాలుగా కనిపిస్తున్నాయి.
– దుకాణదారు, జయపురం

జవాబు: మీరు చెప్పినవి రెండూ వేర్వేరు తప్పులు. మొదటి పంక్తి ఎర్రర్‌కు కారణం కంటికి కనపడని మూడు బైట్లు. విండోస్ నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) భద్రపరచినప్పుడు ఫైలు మొదట్లో ఒక గుర్తు పడవచ్చు. పాత కంపైలర్లకు అది అర్థం కాని చెత్త. వచ్చిన చిక్కు ఏమంటే, మైక్రోసాఫ్ట్ కంపైలర్ తన మామూలు అమరికలో ఆ గుర్తు లేకపోతే ఫైలును యూటీఎఫ్-8గా గుర్తించదు. ఒకరికి వద్దు, ఒకరికి కావాలి. ఇద్దరినీ ఒప్పించాలంటే సోర్స్ కోడ్‌లో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులు తప్ప మరేమీ లేకుండా చూసుకోవాలి.

మరి తెలుగు మాట ఎలా రాయాలి? యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ప్రతిదీ మూడు బైట్లు, ఒడియా అక్షరమూ మూడు బైట్లే. ‘అ’ను ఆక్టల్ సంఖ్యలలో \340\260\205 అని రాస్తే 1989 కంపైలర్‌కు కూడా తెలుస్తుంది. హెక్సాడెసిమల్‌లో రాయడం అలవాటున్నవారు ఒక్క క్షణం ఆగాలి. హెక్స్ పద్ధతిలో కంపైలర్ ఎన్ని హెక్స్ అంకెలు కనిపిస్తే అన్నింటినీ కలిపి మింగేస్తుంది. తెలుగు అక్షరం వెంటనే 5 అని రాస్తే ఆ 5 కూడా అక్షరంలో భాగమైపోతుంది. ఆక్టల్‌లో మూడు అంకెలతో ఆగిపోతుంది, కనుక \340\260\2055 అంటే నిశ్చయంగా అ, దాని పక్కన 5. కానీ రెండు భాషల మాటలన్నీ ఇలా రాయడం మీకు శ్రమే. పైగా ఒక స్ట్రింగ్‌కు సి89 ఇచ్చే హామీ 509 క్యారెక్టర్లే. మన లిపిలో అది 169 అక్షర సంకేతాలకు చాలుతుంది. తెర మీద కనిపించే మాటలను తెలుగుకు ఒక టెక్స్ట్ ఫైల్, ఒడియాకు ఒక టెక్స్ట్ ఫైల్‌గా ఉంచి, ప్రోగ్రాం నడిచేటప్పుడు చదివించండి. అప్పుడు అక్షరదోషం దిద్దడానికి కంపైలర్‌తో పనే ఉండదు.

ఇక పేర్లు చెడిపోవడం. ‘పర్లాకిమిడి’ అనే మాటను చూస్తే కంటికి అయిదు అక్షరాలే. యూనికోడ్‌లో పొల్లు, గుణింతపు గుర్తులు విడివిడిగా లెక్కకు వస్తాయి, మొత్తం 11 సంకేతాలు. ఒక్కొక్కటి మూడు బైట్లు, అంటే 33. మీ ప్రోగ్రాంలో ఊరి పేరుకు 30 బైట్లు కేటాయించి ఉంటే, చివరి బైట్ స్ట్రింగ్ ముగింపు సున్నాకు పోగా 29 బైట్లే మిగిలి, పదో సంకేతం మధ్యలో తెగుతుంది. మొదట చోటు పెంచండి. తప్పనిసరిగా కోయవలసి వస్తే, కోసే చోట ఉన్న బైట్ విలువ 128కీ 191కీ మధ్య ఉన్నంతసేపు ఒక్కొక్క బైట్ వెనక్కి జరగండి. అక్షరం మొదలైన చోటికి చేరతారు. గుణింతం పోవచ్చు గాని, చెత్త గుర్తు మాత్రం రాదు.

ఆ పోలిక చేసేటప్పుడు క్యారెక్టర్ రకానికి ముందు ‘అన్‌సైన్డ్’ అని తప్పక రాయండి. మామూలు క్యారెక్టర్‌కు రుణ విలువలు ఉండాలా వద్దా అన్నది ప్రమాణం కంపైలర్‌కే వదిలేసింది. ఇంటెల్ యంత్రాల జీసీసీలో ఉంటాయి, లినక్స్ నడిచే ఆర్మ్ యంత్రాల జీసీసీలో ఉండవు. ఈ తేడా నన్ను ఒకసారి నాలుగు రోజులు తిప్పింది. ఒక సహకార సంఘం కోసం రాసిన ప్రోగ్రాం ఇంటెల్ కంప్యూటర్‌లో ఏళ్ల తరబడి నడిచింది. చవగ్గా దొరికిన రాస్ప్‌బెర్రీ పై అనే ఆర్మ్ బోర్డు మీదకు మార్చగానే ఫైలు చదివే లూప్ ఎప్పటికీ ఆగలేదు. ఫైలు అయిపోయిందని చెప్పే −1ని నేను మామూలు క్యారెక్టర్‌లో దాచాను. అది అక్కడ 255గా మారి, −1తో ఎన్నటికీ సరిపోలలేదు. గెట్‌క్యార్ ఇచ్చే విలువను ఇంట్‌లోనే పెట్టాలని 1989 ప్రమాణం ప్రకారమే తెలుస్తుంది. అంతకాలం తప్పు రాసినా బయటపడకపోవడానికి కారణం, 255 విలువగల బైట్ యూటీఎఫ్-8లో రాకపోవడమే.

మీ దగ్గర 1990ల నాటి పాత పట్టికలు ఉంటే అవి యూనికోడ్‌లో కాక 1991 భారతీయ ప్రమాణమైన ఇస్కీలో ఉండవచ్చు. ఇస్కీలో తెలుగు ‘క’కూ ఒడియా ‘క’కూ సంకేతం ఒకటే. లిపి ఏదో చెప్పే గుర్తు ఫైలులో లేకపోతే, అది ఏ భాష పట్టికో మీరే చూసి చెప్పాలి. మార్చే ముందు ఫైళ్లను లిపివారీగా వేరు చేసుకోండి.

ప్రశ్న: మా అన్నయ్య 1990లలో రాసిన సి ప్రోగ్రాం జీసీసీ 13లో వార్నింగులతో నడిచేది, ఇప్పుడు కొత్త ఉబుంటులో ఎర్రర్లతో ఆగిపోయింది. కొత్త కంపైలర్ పాత కోడ్‌ను ఎందుకు కాదంటోంది?
– బరంపురం పాఠకుడు

జవాబు: 2024లో వచ్చిన జీసీసీ 14 అంతకుముందు వార్నింగులుగా ఉన్న కొన్నిటిని ఎర్రర్లుగా మార్చింది. ప్రకటించని ఫంక్షన్‌ను పిలవడం, రకం చెప్పకుండా వదిలేసి ఇంట్ అని ఊహించుకోమనడం, పొసగని పాయింటర్లను కలపడం వాటిలో ముఖ్యమైనవి. మొదటి రెండింటినీ భాష 1999లోనే తీసేసింది, కంపైలర్ పాతికేళ్లు ఓపిక పట్టింది. జీసీసీ 15 వాడేవారికి సి23 వల్ల మరికొన్ని కలుస్తాయి: ఖాళీ కుండలీకరణాలకు పారామీటర్లే లేవన్న అర్థం స్థిరపడింది, బూల్, ట్రూ, ఫాల్స్ భాషలోని మాటలయ్యాయి, పారామీటర్ల రకాలను కుండలీకరణాల బయట రాసే తొలినాటి పద్ధతి పోయింది. ఆ చివరి పద్ధతిని జెడ్‌లిబ్ అనే ప్రసిద్ధ లైబ్రరీ పాత కంపైలర్ల కోసం దాదాపు మూడు దశాబ్దాలు మోసి, 2023లో 1.3 విడుదలతో వదిలిపెట్టింది. కనుక మీ అన్నగారు అలా రాశారని నొచ్చుకోవలసిన పని లేదు.

ఇవాళ పని జరగాలంటే ‘-ఎస్‌టిడి=గ్నూ89’ అని చెప్పి కంపైల్ చేయండి, చాలా ఎర్రర్లు పోతాయి. రేపటి కోసం ఒక్కో ఫైలు తీసి సరిదిద్దండి. ఈ దిద్దుబాట్లన్నీ పాత కంపైలర్‌కూ సరిపోయేవే, దేన్నీ చెడగొట్టవు.

ప్రశ్న: ప్రతి కంపైలర్‌కూ ఒక ఇఫ్‌డెఫ్ (షరతును బట్టి కోడ్‌లో కొంత భాగాన్నే కంపైల్ చేయించే ఆదేశం) పెట్టుకుంటూ వెళ్తే సరిపోదా?
– కొరాపుట్ పాఠకుడు

జవాబు: సరిపోదు. పది ఇఫ్‌డెఫ్‌లు దాటిన ఫైలును ఎవరూ పూర్తిగా పరీక్షించలేరు. ఉన్న తేడాలన్నిటినీ ఒకే హెడర్ ఫైలులోకి చేర్చి, మిగతా కోడ్ వాటి ఊసే ఎత్తకుండా రాయండి. కంపైలర్ పేరును బట్టి నిర్ణయాలు కూడా తీసుకోకండి: క్లాంగ్ అనే మరో కంపైలర్ తనను జీసీసీ 4.2గా ప్రకటించుకుంటుంది, పేరును నమ్మితే మోసపోతారు. ప్రమాణం సంఖ్యను చెప్పే మాక్రోను (కంపైలర్ ముందే నిర్వచించి ఉంచే పేరును) అడగండి. అది సి99లో 199901, సి11లో 201112, సి17లో 201710, సి23లో 202311. అది అసలే నిర్వచితం కాకపోతే కంపైలర్ సి90 కాలానిదని తీసుకోండి.

ప్రశ్న: ఎంత పాత కంపైలర్ దాకా మద్దతు ఇవ్వాలి? ఆ పాతవి నా దగ్గర లేవు, మరి పరీక్షించేది ఎలా?
– స్వతంత్ర ప్రోగ్రామర్, పర్లాకిమిడి

జవాబు: పాతదనం మీద ప్రేమతో ఆ గీత గీయకూడదు, మీ ప్రోగ్రాం నిజంగా నడుస్తున్న యంత్రాలను లెక్కించి గీయాలి. ఎస్‌క్యూలైట్ (చిన్న డేటాబేస్), కర్ల్ (నెట్ ద్వారా ఫైళ్లను పంపి తెచ్చే ప్రోగ్రాం) నేటికీ సి89 శైలినే పాటిస్తున్నాయి, ఎందుకంటే అవి ఎక్కడెక్కడి యంత్రాల్లోకో వెళ్తాయి. లినక్స్ కెర్నల్ 2022లో 5.18 విడుదలతో సి89ని వదిలి సి11కు మారింది. లూప్ వేరియబుల్ లూప్ ముగిశాక కూడా బతికి ఉండి తప్పులకు దారి తీయడం అందుకు ముఖ్య కారణం. ఆ రెండు నిర్ణయాలూ సరైనవే. మీ వాడుకరులలో చివరి సెంటాస్ 7 సర్వర్ పోయిన రోజున మీరు గీతను పైకి జరపవచ్చు, అంతకుముందు కాదు.

పరీక్షకు మొదటి మెట్టు మీ కొత్త జీసీసీలోనే ఉంది. ‘-ఎస్‌టిడి=సి89’తో పాటు పెడాంటిక్ అనే మీట వేస్తే, రెండు ఏటవాలు గీతల వ్యాఖ్యలు, బ్లాక్ మధ్యలో ప్రకటనలు, ఈనం జాబితా చివర మిగిలిన కామా వంటివన్నీ బయటపడతాయి. అయితే అది భాషను పట్టినంత గట్టిగా లైబ్రరీని పట్టదు. ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్ ఫంక్షన్ సి99 నాటిది, మైక్రోసాఫ్ట్ దాన్ని ప్రమాణానికి తగినట్టు ఇచ్చింది విజువల్ స్టూడియో 2015లోనే. ఇలాంటివి పాత కంపైలర్ చేతికిస్తే తప్ప నిశ్చయంగా తెలియవు. వర్చువల్ మెషీన్‌లో పాత లినక్స్ ఒకటి పెట్టుకుని, వారానికొకసారైనా మొత్తం కోడ్‌ను అందులో కంపైల్ చేయండి. డాస్ కోసం డాస్‌బాక్స్ చాలు. జీసీసీ పక్కన క్లాంగ్‌ను కూడా వాడండి, ఒకటి చూడనిది రెండోది చూపుతుంది.

ఈ విషయం మీద మళ్లీ రాసేవారు కంపైలర్ పేరు, వర్షన్ సంఖ్య, దానికిచ్చిన ఆజ్ఞ, అన్నిటికన్నా ముందు వచ్చిన ఎర్రర్ సందేశాన్ని పంక్తి సంఖ్యతో సహా రాసి పంపండి. తరువాత వచ్చే ఎర్రర్లు చాలాసార్లు ఆ మొదటిదాని వల్ల పుట్టినవే.